బండి బాగుండాలా, రోబో బాగుండాలా: ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మను ఎలా ఎంచుకోవాలి

బండిగానూ రోబోగానూ మారే ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మ డబ్బా మీద ఫొటోను ఎప్పుడూ ముందు నుంచే తీస్తారు. రోబో ఛాతీ విరుచుకుని నిలబడి ఉంటుంది, పక్కన బండి తళతళలాడుతుంటుంది. రెండూ కంటికి నచ్చేస్తాయి. అసలు సంగతి ఆ ఫొటోలో కనపడని రెండు చోట్ల ఉంటుంది: రోబో వీపు, బండి అడుగు. ఏ రెండు బొమ్మల మధ్య తేల్చుకోలేకపోతున్నా ముందు ఈ రెండు చోట్లే చూడండి. సగం తర్జనభర్జన అక్కడే తీరిపోతుంది.

ఎందుకంటే బండి అంటే లోపల డొల్లగా ఉండే పెట్టె. రోబో అంటే సన్నటి కాళ్ళూ చేతులూ, నడుమూ. పెట్టె పైతొడుగుకు పట్టేంత ప్లాస్టిక్ రోబో ఒంటికి అక్కర్లేదు. మిగిలిన తలుపులు, టాప్, డిక్కీ ఎక్కడో ఒకచోట దాగాలి. మంచి బొమ్మలో అవి కాళ్ళలోకో చేతుల్లోకో మడుచుకుపోతాయి. మధ్యరకం బొమ్మలో తలుపులు భుజాల వెనక రెక్కల్లా నిలబడతాయి. అది అందంగానే ఉంటుంది, బంబుల్‌బీ అనే పసుపు కారు పాత్రకు ఆ రెక్కలే గుర్తు. నాసిరకం బొమ్మలో మొత్తం కారు తొడుగంతా మడతపడి వీపు మీద మూటలా వేలాడుతుంది. అలాంటి రోబో ముందు నుంచి వీరుడు, పక్క నుంచి చూస్తే బస్తా మోస్తున్న హమాలీ.

బండి ఆకారాన్ని బట్టి కూడా ఈ కష్టం మారుతుంది. లారీ, ట్యాంకు, వ్యాను చదరంగా, ఎత్తుగా ఉంటాయి కాబట్టి లోపల చోటెక్కువ. నేలకు అంటుకుపోయినట్టుండే స్పోర్ట్స్ కారులో రోబోను ఇరికించడం అన్నిటికంటే కష్టం. విమానం దారి వేరు. పై నుంచి చూస్తే స్టార్‌స్క్రీమ్ అనే పాత్ర బొమ్మ అచ్చం ఎఫ్-15 యుద్ధవిమానం లాగే కనిపిస్తుంది, తిరగేస్తే పొట్ట కింద చేతులూ కాళ్ళూ వేలాడుతుంటాయి. విమానం బొమ్మ కొనేటప్పుడు రెక్కలకు ముగ్ధులైపోకుండా పక్క నుంచి తీసిన ఫొటో వెతకండి. పొట్ట మందం విమానం ఒంటి మందాన్ని మించితే అది విమానాన్ని వీపున కట్టుకుని పడుకున్న రోబో మాత్రమే.

పాతవాటిలో బండి ఎందుకు ముందుండేది

1984లో బొమ్మల కంపెనీ హాస్‌బ్రో ఈ బొమ్మలను అమెరికాలో అమ్మడం మొదలుపెట్టినప్పుడు అచ్చులు కొత్తగా పోసినవి కావు. జపాన్ కంపెనీ టకారా అప్పటికే డయాక్లోన్, మైక్రోమ్యాన్ పేర్లతో అమ్ముతున్న బొమ్మలనే తీసుకుని, కొత్త పేర్లు, కథ తగిలించారు. ఆ కథలో నాయకుడు, లారీగా మారే ఆప్టిమస్ ప్రైమ్ అసలు పేరు బ్యాటిల్ కాన్వాయ్, 1983 నాటి డయాక్లోన్ బొమ్మ. డయాక్లోన్ కార్లు నిజమైన కార్లకు 1:60 నమూనాలు. లోపల చిన్న డ్రైవర్ బొమ్మ కూర్చునేది. అంటే ముందు కారు, తర్వాతే రోబో. అందుకే ఆ కాలపు కార్లు ముచ్చటగా ఉంటాయి. రోబోలు మాత్రం మోకాలు వంచలేక, నడుము తిప్పలేక కొయ్యబొమ్మల్లా నిలబడతాయి. పాత అచ్చుతో మళ్ళీ వచ్చినవి కొనేవారు ఈ మాట మనసులో పెట్టుకోవాలి. అది లోపం కాదు, ఆ బొమ్మ పుట్టుకే అంత.

ఇప్పటి బొమ్మల్లో తక్కెడ రోబో వైపు మొగ్గింది. మోచేయి 90 డిగ్రీలు వంగాలి, నడుము తిరగాలి, చీలమండ పక్కకు వాలాలి అని కొనేవాళ్ళు అడుగుతున్నారు. ప్రతి కీలుకూ చోటు కావాలి. ఆ చోటు బండిలోంచే పోతుంది. బానెట్ మధ్యలో గీతలు, తలుపు మీద అడ్డంగా కనిపించే కీలు, వెనక అద్దంలోంచి తొంగిచూసే పిడికిలి అన్నీ దానికి చెల్లించే మూల్యమే.

బండిని పరీక్షించే తీరు

బొమ్మ చేతికొచ్చాక, లేదా కొట్లో తెరిచి చూపిస్తే, ముందు బండి రూపంలోకి మార్చి గాజు బల్ల మీద పెట్టండి. ఒక్కో చక్రం కింద సన్నటి కాగితం ముక్క పెట్టి మెల్లగా లాగండి. కాగితం పట్టుకున్నట్టు అనిపిస్తే ఆ చక్రం నేలను తాకుతోంది. జారిపోతే అది గాలిలో ఉంది. ఒక్క చక్రం తేలితే చాలావరకు కాలు సగం మడతలోనే ఆగిపోయి ఉంటుంది, అది మీ చేతిలో పని. ముందు చక్రాలు రెండూ తేలితే బానెట్ కిందకి దిగలేదు, లేదా రోబో చేయి అడ్డుపడుతోంది. ఎన్నిసార్లు సర్దినా అలాగే ఉంటే అచ్చులోనే తేడా ఉంది.

తర్వాత అతుకులు. ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ. బానెట్‌కూ తలుపుకూ మధ్య సందులో మామూలు కాగితం దూరడం సహజం. ఏటీఎం కార్డు దూరిందంటే లోపల ఏదో పలక తన గుంటలో కూర్చోలేదు. ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. చివరగా మిగిలిన బంపరునో తలుపునో బొటనవేలితో నొక్కి కూర్చోబెట్టాలని చూస్తారు. అది కూర్చోదు, నొక్కితే బొడిపె తెల్లగా పాలిపోతుంది, మూడోసారికి విరుగుతుంది. తప్పు ఆ తలుపులో ఉండదు, మార్చే క్రమంలో నాలుగు మెట్ల ముందు ఉంటుంది. ఎక్కువగా కాలి లోపలి మడత పూర్తిగా తిరక్కపోవడమో, తల లోపలికి దిగకపోవడమో కారణం. అన్నిటినీ కాస్త వదులు చేసి, ముందు నడిమి భాగం అంటే టాప్, దాని కింది వెన్నెముక బిగించాలి. తర్వాత రెండు పక్కలూ, ఆఖరున బంపర్లు. లోపలి నుంచి బయటికి అన్నమాట. అలా వస్తే పలకలు ఒక్కొక్కటీ 'టక్'మని వాటంతటవే కూర్చుంటాయి.

రంగు తేడా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఫొటోలో ఇది అసలు తెలియదు కాబట్టి. డీలక్స్ సైజు (సుమారు 5.5 అంగుళాల) కార్లలో చాలావాటికి అద్దాలూ టాపూ కలిపి ఒకే పారదర్శక ప్లాస్టిక్ ముక్కగా పోస్తారు. అద్దం ఉన్నచోట అలాగే వదిలి, టాప్ ఉన్నచోట బండి రంగు పెయింటు వేస్తారు. బానెట్, తలుపులు మాత్రం రంగు కలిపిన ప్లాస్టిక్‌తోనే వస్తాయి. దాంతో పసుపు కారులో రెండు పసుపులు కనిపిస్తాయి. ట్యూబులైటు కింద ఒకటే అనిపించింది కిటికీ దగ్గర ఎండలో పెడితే బయటపడుతుంది. ఇంకో చిక్కు బలానికి సంబంధించింది. పారదర్శక ప్లాస్టిక్ బొమ్మలకు మామూలుగా వాడే ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ కంటే పెళుసు. దాంట్లోంచే లోహపు పిన్ను దూర్చి కీలు చేసిన చోట ముందు చీలేది అదే. భూతద్దం పెట్టి పిన్ను చుట్టూ చూడండి. వెంట్రుక మందం గీత కనిపిస్తే ఆ టాప్‌ను ఇక తిప్పకండి, మార్పించుకోండి.

నల్లటి అద్దాలు చూసి నిరాశపడక్కర్లేదు. లోపల రోబో చేతులు, తల దాక్కుని ఉన్నప్పుడు నల్ల అద్దమే మర్యాద. స్పష్టమైన అద్దంలోంచి మడిచిన మోకాళ్ళు కనిపించడం కంటే అదే నయం. ఇక ఆయుధం. బండి రూపంలో తుపాకీ ఎక్కడికి పోతుందో చూడండి. అడుగున దాగితే ఉత్తమం. టాప్ మీద తగిలించడం సరదాగానే ఉంటుంది కానీ అది దాచుకోవడం కాదు. ఎక్కడా చోటు లేకపోతే ఆరు నెలల్లో అది సోఫా కింద పోతుంది.

రోబోను పరీక్షించే తీరు

ముందు నిలబడటం. 30 సెం.మీ. అట్ట మీద రోబోను నిలబెట్టి, అట్ట ఒక చివరను 3 సెం.మీ. ఎత్తండి. అది సుమారు 6 డిగ్రీల వాలు. నాలుగు వైపులా తిప్పి ఎత్తి చూడండి. వీపు మీద మూట ఉన్న బొమ్మ వెనక్కే పడుతుంది. అందుకే మంచి తయారీలో పాదం వెనక మడమ ముక్క ఒకటి బయటికి తెరుచుకుంటుంది. చాలామంది దాన్ని తెరవడమే మరిచిపోయి, బొమ్మ నిలబడటం లేదని వాపసు పంపిస్తారు. పక్క నుంచి చూసినప్పుడు వీపు మూట మందం ఛాతీ మందాన్ని మించి, మడమ కూడా లేకపోతే ఆ బొమ్మను వదిలేయడం మంచిది.

చీలమండ పక్కకు వాలడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ రోబో భంగిమకు అదే ప్రాణం. కాళ్ళు ఎడంగా పెట్టినప్పుడు పాదం మొత్తం నేలకు ఆనాలంటే అది వాలాలి. వాలకపోతే పాదం అంచు మీద నిలబడి జారిపోతుంది. నడుము తిరగడం దాని తర్వాత. మోచేతులు, మోకాళ్ళు ఇప్పటి బొమ్మల్లో దాదాపు అన్నిటికీ వంగుతాయి, వాటి గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు.

కీళ్ళు మూడు రకాలు. తిప్పినప్పుడు టకటకమని మెట్లు మెట్లుగా ఆగేది రాచెట్. బరువైన భుజాలకు, తుంట్లకు ఇదే కావాలి. ఒరిపిడితో ఆగే మామూలు కీలు చిన్న బొమ్మలకు సరిపోతుంది. గుండు కీలు అన్ని వైపులా తిరుగుతుంది, అన్నిటికంటే ముందు వదులయ్యేదీ అదే. చేతికి తుపాకీ ఇచ్చి, చేయిని నేలకు సమాంతరంగా ఎత్తి పది నిమిషాలు వదిలేయండి. తిరిగొచ్చేసరికి వాలిపోయి ఉంటే డబ్బాలోంచి తీసిన రోజే వదులు అన్నమాట.

వదులైన గుండుకు మందు ఉంది. గుండును ఊడదీసి, రంగు లేని గోళ్ళ పాలిష్ ఒక్క పల్చటి పూత వేసి, పూర్తిగా ఆరాక తిరిగి తొడగండి. చాలకపోతే ఇంకో పూత. ఆరకముందే తొడిగితే అతుక్కుపోతుంది. స్క్రూ ఉన్న కీలైతే పావు చుట్టు మాత్రమే బిగించి చూడండి. మరీ బిగుసుకుపోయిన కీలును బలంతో తిప్పకండి. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త దూరం నుంచి వెచ్చచేసి, అవసరమైతే ఒక్క చుక్క సిలికాన్ నూనె వేయండి. కుట్టుమిషను నూనె లాంటివి ప్లాస్టిక్‌కు మంచివి కావు.

చేతులు, కాళ్ళు లోపల డొల్లగా ఉండటం మీద చాలామందికి కోపం. ముంజేతి లోపలి వైపు, పిక్కల వెనక ఖాళీ ఉండటం ఖర్చు తగ్గించడానికి చేసే పనే. ముందు నుంచి కనపడని డొల్లను క్షమించవచ్చు. తొడ ముందు భాగమో, ముంజేతి బయటి వైపో డొల్లగా ఉంటే మాత్రం ఆ బొమ్మకు పెట్టిన డబ్బు ఎక్కువే.

దొంగ ఛాతీ అనేది ఇంకో వివాదం. రోబో ఛాతీ మీద కారు ముందుభాగంలా కనిపించేది అసలు ముందుభాగం కాక, వేరే ముక్క అయి ఉండటం. అసలు బంపరు వీపు వెనకో కాళ్ళ దగ్గరో ఉంటుంది. స్వచ్ఛత కోరేవాళ్ళు దీన్ని ఒప్పుకోరు. అసలుది బాగా దాగితే దొంగ ఛాతీ మాకు అభ్యంతరం కాదు. రెండూ ఒకేసారి కనిపిస్తే మాత్రం, ఒకే రోబోకు రెండు బానెట్లు ఉన్నట్టు చూడటానికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఒకే ఆప్టిమస్, నాలుగు దారులు

ఆప్టిమస్ ప్రైమ్‌ను ఉదాహరణగా తీసుకుంటే ఎంపిక సులువుగా అర్థమవుతుంది. ఈ పాత్ర అసలు రూపం ముక్కు లేని లారీ. ఆ చదునైన ముఖమే ఈ బొమ్మ అదృష్టం. లారీ అద్దాలు రోబో ఛాతీ, గ్రిల్ పొట్ట, పొగగొట్టాలున్న క్యాబిన్ పక్కలు చేతులు, వెనక చక్రాలున్న భాగం కాళ్ళు. దాచాల్సింది చాలా తక్కువ. నలభై ఏళ్ళుగా ఈ మార్పు అంత నచ్చడానికి కారణం ఇదే. 2007 నాటి ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో ముక్కు లారీ అయ్యాక ముక్కలు పెరిగాయి, మడతలూ పెరిగాయి.

1984 రూపమే కావాలి, కానీ కదలాలి అనుకునేవారికి టకారా టోమీ (పాత టకారాకు ఇప్పటి పేరు) 2024లో తెచ్చిన మిస్సింగ్ లింక్ వరుస సరైనది. చూడటానికి పాత బొమ్మే, లోపల కొత్త కీళ్ళు. ట్రైలర్‌తో వచ్చేది సి-01, ట్రైలర్ లేనిది సి-02. పాత బొమ్మతో పెరిగినవారికి దీన్ని మించింది లేదు. కార్టూన్‌లో కనిపించే ఒడ్డూ పొడుగూ కోరేవారికి ఇది పొట్టిగా, చతురస్రంగా అనిపిస్తుంది.

2020 నాటి ఎర్త్‌రైజ్ వరుసలోని లీడర్ అనే పై ధర తరగతి ఆప్టిమస్ రెండు రూపాలనూ సరితూచిన బొమ్మ. ఒక్కటే కొనేవారికి మేం ముందు చూపించేది దీన్నే. ఒక్క హెచ్చరిక: లీడర్ తరగతి ధర పెట్టినా రోబో ఎత్తు దాని కింది తరగతి వాయేజర్ అంతే, సుమారు 7 అంగుళాలు. మిగిలిన డబ్బు ట్రైలర్‌ది. ట్రైలర్ విప్పితే యుద్ధ స్థావరంలా తెరుచుకుంటుంది. ట్రైలర్ పెట్టే చోటు మీ అరలో లేకపోతే ఈ ధర దండగ.

మాస్టర్‌పీస్ వరుస పెద్దల కోసం. అందులో 2011 నాటి ఆప్టిమస్ ఎంపీ-10 లారీగా గంభీరంగా ఉంటుంది, రోబోగానూ బాగుంటుంది, మార్చడం ఓపికుంటే వచ్చేస్తుంది. 2019 నాటి ఎంపీ-44 కార్టూన్ రోబోను ఉన్నదున్నట్టు దింపాలని చేసింది. రోబోగా దానికి సాటి లేదు. ఆ పోలిక కోసం లోపల చిన్న చిన్న పలకలు ఎన్నో మడతపెట్టారు. రోబోగా నిలబెట్టి సంవత్సరానికి రెండుసార్లు మార్చేవారికి 44, వారం వారం చేతిలోకి తీసుకునేవారికి 10.

లారీ అక్కర్లేదు, రోబో ఒక్కటే కావాలంటే మారని బొమ్మలూ ఉన్నాయి. 6 అంగుళాల ఆర్.ఈ.డి. వరుస అలాంటిదే. బండిలోకి మడవాల్సిన పని లేదు కాబట్టి వీపు మూట లేదు, ఒళ్ళు తీర్చిదిద్దినట్టు ఉంటుంది. మారనిది ట్రాన్స్‌ఫార్మరే కాదనేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. కానీ మూడేళ్ళుగా ఒక్కసారీ లారీగా మార్చని మనిషికి ఇదే తగినది.

సైజు, వయసు, ధర

తరగతి పేర్లు ధరకు గుర్తులు, ఎత్తుకు కాదు. కోర్ సుమారు 3.5 అంగుళాలు, డీలక్స్ 5.5, వాయేజర్ 7, లీడర్ 7 నుంచి 8.5 వరకు. ఆపైన కమాండర్, రెండడుగుల దాకా వెళ్ళే టైటాన్. కార్లు డీలక్స్‌లో బాగా కుదురుతాయి. లారీలు, జెట్‌లు వాయేజర్‌లో. అల్మరాలో వరుసగా పేర్చాలనుకుంటే ఎత్తు సెంటీమీటర్లలో చూసుకునే కొనండి, తరగతి పేరు చూసి కాదు.

డబ్బా మీద ఎన్ని మెట్లలో మారుతుందో ముద్రిస్తారు. ఎనిమిదేళ్ళ పిల్లకో పిల్లాడికో మొదటి బొమ్మ అయితే 20 మెట్ల లోపు చూడండి. అంతకంటే చిన్నవారికి ఒకే కదలికతో మారేవి ఉన్నాయి. వాటిలో రోబో చేతులు పెద్దగా కదలవు. అయినా పిల్లలు వాటితోనే ఎక్కువ ఆడతారు, ఎవరి సాయం అడగకుండా వాళ్ళే మార్చుకోగలరు కాబట్టి. 35 మెట్ల బొమ్మ కొనిచ్చి, ప్రతిసారీ నాన్న వచ్చి మార్చాల్సి వస్తే ఆ పిల్లకు అందులో ఆట ఏముంది?

కొనేటప్పుడు

మన దేశంలో 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. పిల్లల కోసం కొంటుంటే డబ్బా మీద అది వెతకండి. విదేశం నుంచి తెప్పిస్తే దిగుమతి సుంకం కలిపి లెక్కేసుకోండి. 2020 బడ్జెట్‌లో బొమ్మల మీద అది 20 శాతం నుంచి 60 శాతానికి పెరిగింది, ఆ తర్వాతా మారుతూ వచ్చింది. ఆర్డరు పెట్టే రోజున ఎంతుందో చూసుకోవాలి. అమెరికాలో ఉన్న చుట్టాలు పండక్కి వస్తుంటే చిన్న బొమ్మలను డబ్బా లేకుండా బట్టల మధ్య తెప్పించుకునేవారు చాలామంది. వస్తే మంచిదే, కానీ కాళ్ళు చాచిన రోబో రూపంలో కాక బండి రూపంలో సర్దమనండి. బండిగా ఉన్నప్పుడు విరగడానికి బయటికి పొడుచుకొచ్చినవి తక్కువ.

నకిలీలను గుర్తుపట్టాలంటే బొమ్మ మీద హాస్‌బ్రో, టోమీ పేర్లు చిన్న అక్షరాలతో అచ్చులోనే పోసి ఉన్నాయా చూడండి. తొడ లోపలో, కారు అడుగునో ఉంటాయి. నకిలీలో ఆ చోటు గీకేసినట్టు నున్నగా ఉంటుంది. ప్లాస్టిక్ మెత్తగా, రాచెట్లు బలహీనంగా, అంచులు పదునుగా ఉంటాయి. అసలు కంటే పెద్ద సైజులో పోసిన నకిలీలూ ఉన్నాయి, పెద్దది చవగ్గా వస్తోందంటే అనుమానించండి.

పాతవి చేతులు మారి వచ్చినప్పుడు బంగారు రంగు ప్లాస్టిక్‌తో జాగ్రత్త. ఆ మెరుపు పొడి కలిపిన ప్లాస్టిక్ కొన్నిటిలో ఏళ్ళు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది. ఎంత భద్రంగా దాచినా, డబ్బా తెరవకపోయినా రాలుతుంది. అలాంటిది కొంటే మార్చకుండా అలాగే ఉంచాలి. తెల్లవి ఎండకు పసుపెక్కుతాయి, కిటికీ పక్క అర వద్దు.

కొత్తది అందిన రోజే, వాపసు గడువు దాటకముందే, మూడుసార్లు అటూ ఇటూ మార్చండి. మొదటిసారి డబ్బాలోని సూచనల కాగితం చూస్తూ, రెండోసారి చూడకుండా, మూడోసారి ఫోన్‌తో వీడియో తీస్తూ. అప్పుడే ఎడమ, కుడి చేతులను పక్కపక్కన పెట్టి పోల్చండి. రెండూ ఎడమ చేతులే బిగించి వచ్చిన బొమ్మలు ఉంటాయి, ఒక కాలికి స్క్రూ లేనివీ ఉంటాయి. ప్రతి స్క్రూ గుంటలోకి టార్చి వేసి చూడటానికి రెండు నిమిషాలు చాలు.